తువ్వాలు వేసిన సీటు

ఆ రోజు ఆళ్లగడ్డలో, నన్ను నమ్మి వదిలి వెళ్లిన సీటును ఇంకొకరికి ఇచ్చాను. తప్పు నాదే.

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న నేతపని ఆయన, బస్సు ఆగిన ప్రతి చోటా సీటు మీద తువ్వాలు వేసి, దిగి నడిచి వచ్చేవాడు.

"క్యాన్సర్ పోయినాదంటప్పా, నిస్సత్తువే పోలా. మగ్గం కాడ గంటసేపు కూసోలేకుండా ఉండా. రక్తం పట్టేదానికి మాత్రలిచ్చి, ఊరికే పండుకోవద్దు, దినామూ నడువు అన్నాడు డాక్టరు. రోంత సీటు సూస్తాండు" అన్నాడు. సరేనన్నాను.

ఆళ్లగడ్డలో మా ఊరి ఎరువుల కొట్టు షావుకారు కొత్త సెల్‌ఫోను పట్టుకుని ఎక్కాడు. "ఈ గుడ్డకేమన్నా టిక్కెట్టు ఉండాదా అప్పా?" అని నవ్వాడు. నేనూ నవ్వి తువ్వాలు తీశాను, షావుకారు కూర్చున్నాడు.

నడవడానికి దిగిన నేతపని ఆయన ఆయాసపడుతూ తిరిగొచ్చి, నా చేతిలోని తువ్వాలు చూశాడు.

"నీకు సెప్పే గదప్పా దిగినాను."

సిగ్గుపడి లేచి నా సీటిచ్చాను. మైదుకూరులో, "దిగి నడిచి రాప్పా, నేను ఈడే నిలబడి ఉంటా" అన్నాను. ఆయన తువ్వాలును ఒళ్లో బిగించి పట్టుకుని "వద్దులే" అన్నాడు. నా వల్ల ఆ నడక పోయింది.

కడపలో నేను ఎక్కాల్సిన రాయచోటి బస్సు కదులుతోంది. దాన్ని వదిలేసి, బస్టాండు ఈ కొస నుంచి ఆ కొసకు ఆయన పక్కనే నడిచాను. ఆయన వద్దనలేదు. మూడో చుట్టులో తువ్వాలు నా చేతికిచ్చి, నా భుజం పట్టుకున్నాడు.