కోటదిబ్బ కింది ఊరు

చీపురుపల్లి నుంచి ఆటోలో అరగంట వెళితే దిబ్బవలస వస్తుంది. నూట ఇరవై గడప ఉన్న ఊరు. ఊరికి తూర్పున మెట్ట పొలాల మధ్య ఒక మట్టి దిబ్బ ఉంది. దాన్ని కోటదిబ్బ అంటారు. దాన్ని ఆనుకునే ఎర్రన్నకు ఎకరం మెట్ట ఉంది. అరవై ఆరేళ్ళ ఎర్రన్న ఏటా అందులో నువ్వులో ఉలవలో చల్లుకుంటాడు. ఊళ్ళోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా దిబ్బ చూపించి రాజు కథ చెప్పే పని కూడా ఆయనదే.

ఆ కథలో రాజుకు పన్నెండు ఏనుగులు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు రాణి బంగారు బిందెతో సహా బావిలో దూకింది. ఇందులో తండ్రి చెప్పింది కొంత, ఎర్రన్న కలిపింది కొంత. ఏది ఎవరిదో ఆయనకే గుర్తులేదు.

రెండేళ్ళ కిందట రోడ్డు పనికి దిబ్బ అంచున మట్టి తీస్తుంటే పెద్ద పెద్ద కుండ మూతులు బయటపడ్డాయి. ఆ కబురు ఎలాగో విశ్వవిద్యాలయం దాకా వెళ్ళింది. మాఘమాసంలో అక్కడి నుంచి అరుణశ్రీ అనే ఆవిడ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి తవ్వకం మొదలుపెట్టింది. ఊళ్ళో పదిహేను మందిని కూలికి తీసుకున్నారు. అందరికంటే ముందు పేరు రాయించుకున్నది ఎర్రన్నే. కోట గోడ బయటపడ్డ రోజున తాను అక్కడ ఉండాలని ఆయన కోరిక.

చిన్న తాపీలతో మట్టిని పొరపొరగా గీకాలి. నెల గడిచినా గోడ రాలేదు. ఒక మధ్యాహ్నం అరుణశ్రీ ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"తాతగారూ, కోట ఉంటే ఈపాటికి పునాది తగలాలి. మనకు దొరికినవన్నీ వంట కుండలు, నూరుడు రాళ్ళు, పశువుల ఎముకలు. ఇది మామూలు ఊరండీ. మీ ఊరంత ఊరు."

"మరి ఏనుగులో?" అన్నాడు ఎర్రన్న.

ఆవిడ నవ్వలేదు. "ఇప్పటిదాకా అన్నీ ఎద్దుల ఎముకలే," అంది.

మర్నాడు ఆయన పనికి వెళ్ళలేదు. టీ కొట్టు దగ్గర బావమరిది చినబాబు పలకరించాడు. "ఏటి బావా, మీ రాజు తిరగలి తిప్పుకుంటన్నాడంట కదా." అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఎర్రన్న సగం టీ వదిలేసి ఇంటికి వచ్చేశాడు. ఆ మర్నాడూ గడప దాటలేదు. నలభై ఏళ్ళు ఎంతమందికి అబద్ధం చెప్పానో అని లోలోపల కుమిలిపోయాడు.

మూడో రోజు పొద్దున భార్య మరిడమ్మ గంజి గిన్నె ముందు పెట్టి అంది: "పెల్లయిన కాడి నుంచి ఇంటన్నాను ఆ కత. ఒక్కనాడూ నమ్మలేదు. అయినా ఇన్నాను కదా. నువ్వు సెప్తంటే బాగుంటాది. దానికేటి, పనికెల్లు."

ఆయన వెళ్ళాడు.

అక్కడ అందరూ ఒక గొయ్యి చుట్టూ మూగి ఉన్నారు. మూతి మూరెడు, లోపల మాత్రం బానలా వెడల్పు. గోడలు ఇటుకలా ఎర్రగా కాలి ఉన్నాయి. అరుణశ్రీ సహాయకుడు మోహనకృష్ణ, "కుమ్మరి ఆవం అయ్యుంటుంది మేడమ్," అంటున్నాడు.

ఎర్రన్న వంగి చూశాడు. చెయ్యి లోపలికి పెట్టి గోడ తడిమాడు.

"కాదు బాబూ. ఇది పాతర. గింజలు దాసుకునే గొయ్యి. మా మామ్మ దానమ్మకి ఇలాటిదే ఉండీది. తవ్వినాక లోపల మట్టీ పేడా మెత్తి, గడ్డేసి కాల్సీవోరు. సెమ్మ ఊరదు, పురుగు పట్టదు. అందుకే ఎర్రగున్నాది."

"మీరు లోపలికి దిగారా తాతగారూ?" అంది అరుణశ్రీ.

"పెద్దోలు పట్టరు కదమ్మా. నన్ను దింపీవోరు. ముందు దీపం దింపాల. దీపం ఆరిపోతే మనిసి దిగకూడదు, ఊపిరాడదు. మా మామ్మ దీపం సూసుకునే నన్ను దింపీది."

ఆవిడ అక్కడే మట్టి మీద కూర్చుని ఆయన చెప్పిందంతా రాసుకుంది. పాతర మూతికి ఏ బండ పెట్టేవాళ్ళు, అడుగున ఏ గడ్డి పరిచేవాళ్ళు, ఒకసారి నిండితే ఎన్నాళ్ళు తినేవాళ్ళు. ఎర్రన్నను ఇన్ని ప్రశ్నలు ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మూడు రోజులకు గొయ్యి అడుగు తేలింది. అక్కడి నల్లమట్టిని నీళ్ళలో కలిపి జల్లెడ పడితే మాడిన గింజలు తేలాయి. వాటిని తెల్లకాగితం మీద ఆరబెట్టి ఆయన్ని పిలిచారు.

"ఉలవలు," అన్నాడు ఎర్రన్న. తలెత్తి చూశాడు. తవ్వకం చుట్టూ కట్టిన తాడు అవతల తన పొలంలోనూ మొన్న కోసిన ఉలవ మోళ్ళు కనిపిస్తున్నాయి. మాడిన గింజలను వేలితో కదిపి అడిగాడు. "ఆ ఊరికి నిప్పంటుకున్నాదేటమ్మా?"

"చెప్పలేం. పాతరను మళ్ళీ కాల్చినప్పుడు అడుగున మిగిలినవి మాడి ఉండొచ్చు కూడా."

"అదే అయ్యుంటాది," అన్నాడు ఆయన. వాళ్ళ ఇళ్ళు తగలబడ్డాయనుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఆ గింజలను పరీక్షకు పంపారు. సుమారు రెండు వేల ఏళ్ళనాటివని తేలింది. గుంటలను ఇసుకతో పూడ్చి, తవ్వకం వాళ్ళు వెళ్ళిపోయారు. కోట లేదని తేలడంతో, ఊరి ముందు చినబాబు వాళ్ళు కట్టాలనుకున్న 'కోట' ఆర్చి ఆగిపోయింది. చినబాబుకు కోపం వచ్చింది. ఇప్పుడు రాజు కథ చినబాబే చెబుతున్నాడు, ఏనుగులు పద్నాలుగయ్యాయి. ఎర్రన్న అడ్డు చెప్పడు. తనను అడిగినవాళ్ళకు మాత్రం తవ్వకంలో తేలిన పొయ్యి ఉన్న చోటు, పశువుల్ని కట్టిన చోటు, పాతర ఉన్న చోటు నడిచి చూపిస్తాడు.

మొన్న మాఘంలో అరుణశ్రీ ఫోన్ చేసింది. పొందూరు అవతల ఇంకో దిబ్బ తవ్వుతున్నారట, అక్కడా ఒక గొయ్యి దొరికిందట, వచ్చి చూడగలరా అని. ఎర్రన్న ఉతికిన చొక్కా వేసుకుని మరిడమ్మతో చీపురుపల్లిలో రైలెక్కాడు. అక్కడ గొయ్యిలోకి నిచ్చెన వేశారు. ఆయన దిగి గోడ తడిమాడు, మట్టి వాసన చూశాడు, అడుగును గోటితో గీకాడు. అందరూ పైన నిలబడి ఎదురుచూశారు.

"ఇది పాతర కాదమ్మా. గోడ కాల్సలేదు. అడుగున అంతా ఇసకే."

"మరి ఏమై ఉంటుందంటారు?"

ఎర్రన్న ఇంకోసారి చుట్టూ చూశాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

అరుణశ్రీ అది కూడా పుస్తకంలో రాసుకుంది. మోహనకృష్ణ చెయ్యి అందించి ఆయన్ని పైకి లాగాడు. మరిడమ్మ ఆయన వీపు మీది ఇసుక దులిపింది. కూలీలతో పాటు టార్పాలిన్ కింద కూర్చుని ఇద్దరూ అన్నం తిని, సాయంత్రం రైలుకు ఇంటికి బయల్దేరారు.