పక్క బాల్కనీలో బెల్లం ఊట

మావారి ఆర్మీ ఉద్యోగం వల్ల నిరుడు ఢిల్లీ కంటోన్మెంట్‌కి వచ్చాం. పక్క క్వార్టర్‌లోని పంజాబీ ఆంటీ బాల్కనీ నుంచి ఎప్పుడూ పులిసిన బెల్లం వాసన. మా గోదావరి వైపు ఆ వాసన వచ్చిందంటే సారాకి ఊట వేసినట్టే. ఆర్మీ క్వార్టర్స్‌లో ఎంత తెగింపు అనుకున్నాను.

ఒకరోజు పంచదార కావాలని వెళ్లాను. ఆంటీ వంటింట్లోకి వెళ్లగానే బాల్కనీలోని సీసా మూత తిప్పాను. భుస్సుమని పొంగి నన్ను నిలువెల్లా తడిపేసింది.

"అరే బేటా, రసాయనాలు పడక ఫినాయిల్ మానేశాను. ఇల్లు తుడవడానికి కమలా తొక్కలు, బెల్లం పులియబెడుతున్నా" అంది ఆంటీ హిందీలో.

సిగ్గుతో ఇంటికొచ్చాను. తలుపు తీసిన మావారు వాసన పీల్చి, "ఎక్కడ తాగొచ్చావ్?" అన్నారు.

జరిగింది చెప్పినా నమ్మలేదు. నాలాగే ఆయనా ముక్కునే నమ్మారు. ఆయనదీ మా ఊరే.