మస్తాన్‌బీ అత్త గిన్నె

అటక తలుపు తీస్తే ముందు వాసన దిగుతుంది, సామాను తర్వాత. పాత చింతపండు, కలరా ఉండలు, జాడీల అడుగున ఎప్పుడో గడ్డకట్టిన ఆవపిండి, ఇత్తడి చిలుము, ఎలకలు కొట్టిన గోనెసంచి, అన్నీ కలిసి ముక్కుకి తగిలేసరికి నేను బెజవాడ గుణదలలో ఒక ఫ్లాటు వంటింట్లో, మోకాళ్ల నొప్పులతో స్టూలెక్కి నిలబడ్డ ముసలిదాన్నన్న సంగతి కాసేపు మరిచిపోతాను. ఈ వాసన ఈ ఇంటిది కాదు. బందరు కాలవ గట్టు మీద మా అమ్మ వంటింటి వెనక ఉండే సామాన్ల గదిది. అమ్మ పోయాక ఆ ఇంటి సామానుతో పాటు లారీ ఎక్కి వచ్చి, ఇన్నేళ్లుగా ఈ అటకలో అద్దె లేకుండా కాపురం ఉంటోంది.

కొంతకాలంగా నేను చేస్తున్న పని ఒక్కటే, ఇల్లు ఖాళీ చేయడం. ఎక్కడికో మారిపోవడానికి కాదు. నేను పోయాక మా అమ్మాయి శిరీష ఈ చాకిరీ చేయాల్సిన అవసరం రాకూడదని. మా అమ్మ ఇల్లు సర్దింది నేనే, నేను బడిలో టీచరుగా ఉన్నప్పుడు, ఒక వేసవి సెలవులు మొత్తం దానికే పోయాయి. గంగాళాలు, గుండిగలు, మరచెంబులు, కాళ్లు ఊగే పీటలు, ఎవరి పెళ్లిలోనో పెడితే మడత విప్పకుండా దాచిన చీరలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. ఏది ఎత్తినా ఏడుపొచ్చేది, ఏది పారేసినా తప్పు చేసినట్టుండేది, సాయంత్రమయ్యేసరికి నడుం పట్టేసి, ఒళ్లంతా దుమ్ముతో, ఏడవడానికి కూడా ఓపిక లేక గుమ్మంలో చతికిలబడేదాన్ని. నిజం చెప్పాలంటే అమ్మ పోయిన బాధ నేను పడనేలేదు, సామాను బాధే పడ్డాను. ఆ కోపం నాకు అమ్మ మీద ఇంకా పూర్తిగా పోలేదు.

శిరీష బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటుంది, బ్యాంకులో ఉద్యోగం, పొద్దున పరుగు మొదలుపెడితే రాత్రికి గాని ఆగదు. నా ఆలోచన చెప్పగానే దానికి ఒళ్లు మండింది.

“ఏంటమ్మా ఈ గోల? లక్షణంగా తిరుగుతున్నదానివి, రేపో మాపో పోయేదానిలా ఆ సర్దుడేంటి?”

“పోయేముందు ఓపికుండదే. ఉన్నప్పుడే సర్దుకోవాలి,” అన్నాను.

అడిగి ఇస్తే ఈ రోజుల్లో గిన్నెలు ఎవరూ తీసుకోరు. అందుకని ఒక ఎత్తు వేశాను. ఆదివారం ఆదివారం దానికిష్టమైనదేదో చేసి, వదిలించుకోవాలనుకున్న గిన్నెలో పెట్టి పంపడం మొదలుపెట్టాను. గోంగూర పచ్చడి ఒక జాడీలో, పులిహోర ఒక బేసిన్లో, సున్నుండలు మా అత్తగారి నాటి ఇత్తడి డబ్బాలో. గిన్నె నీ దగ్గరే ఉంచేసుకోమని ఫోన్లో మరీ మరీ చెప్పేదాన్ని. వచ్చే ఆదివారానికల్లా ఆ గిన్నె తళతళా తోమి, అందులో ఏదో ఒకటి పెట్టుకుని దిగేది. ఒకసారి బత్తాయిలు, ఒకసారి వాళ్లత్తగారు చేసిన జంతికలు, ఏమీ దొరక్కపోతే గుప్పెడు పంచదార. నేను విసుక్కుంటే “నువ్వేగా నేర్పావ్, గిన్నె ఉంచేసుకోకూడదని, ఖాళీగా ఇవ్వకూడదని” అనేది. నేర్పిన మాట నిజమే. నా గిన్నెలన్నీ అలా బెంజ్ సర్కిల్ దాకా షికారు వెళ్లి మళ్లీ నా అటకే ఎక్కాయి.

నాకది నేర్పింది మా అమ్మ. నేర్పడం అంటే కూర్చోబెట్టి చెప్పిందని కాదు, మోయించింది. మా చిన్నప్పుడు ఎండలు ముదిరేసరికి కాలవ కట్టేసేవాళ్లు. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చేది, మేం పిల్లలం అందులో దిగి ఆల్చిప్పలు ఏరుకునేవాళ్లం, ఇంట్లో ఏమో ఊరగాయల హడావుడి, నీళ్ల తొట్లో తేలే మామిడికాయలు, కత్తిపీట టకటకలు, ఆవపిండి ఘాటుకి ఇంటిల్లిపాదికీ తుమ్ములు, ఆవకాయ కలిపిన బేసిన్లో వేడన్నం వేసి తిప్పి, అమ్మ మా అరచేతుల్లో పెట్టే ఎర్రటి ముద్దలు. కాలవ వదిలారని కబురొస్తే ఊరంతా గట్టు మీదే ఉండేది. ఎర్రనీళ్లు నురుగుతో, ఎండుపుల్లలతో మెల్లగా పాక్కుంటూ వస్తుంటే, వాటికెదురుగా నిలబడి కాళ్లు తడవకుండా వెనక్కి వెనక్కి నడవడం మా ఆట. ఎవరి పాదం ముందు తడిస్తే వాళ్లు ఓడినట్టు, కానీ ఓడిపోవాలనే అందరికీ ఉండేది. ఆ తర్వాత వానలు, నాట్లు, ఊరి చుట్టూ పచ్చదనం, అట్లతద్దినాడు తెల్లారకుండానే లేపి గోంగూర పచ్చడితో, ఉల్లిపాయతో పెట్టే చద్దన్నం, ఉయ్యాల కోసం కొట్లాటలు.

ఈ ఆటలన్నిటి మధ్యా నాకొక ఉద్యోగం ఉండేది. వీధిలో ఇంటి నుంచి ఇంటికి గిన్నెలు మొయ్యడం. ఏ ఇంట్లో ఏది కొత్తగా వండినా నాలుగిళ్లకి వెళ్లాల్సిందే, వెళ్లిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. ఇచ్చేందుకు ఏమీ లేని రోజున రెండు రెబ్బలు కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఒక పసుపు కొమ్మో వేసి పంపేవాళ్లు. ఎవరి గిన్నె ఏదో తెలియడానికి కొన్నప్పుడే కొట్టులో వాటి మీద పేరు కొట్టించేవాళ్లు, చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరాలు. నాకు పలక మీద కంటే గిన్నెల మీదే ముందు చదువొచ్చిందని మా నాన్న ఎగతాళి చేసేవాడు.

ఎదురింట్లో మస్తాన్‌బీ అత్త ఉండేది. వాళ్లాయనకి బజార్లో గాజుల కొట్టు. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు కాబట్టి నాకు అత్త అయింది. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, నా చేతికి సబ్బు రాసి, వేళ్లు మడిచి, ఏవేవో కబుర్లు చెబుతూ గాజులు ఎక్కించేది. నొప్పి తెలిసేలోపే గాజులు మణికట్టు మీద గలగలమనేవి. రంజాన్ వచ్చిందంటే జీడిపప్పు, ఖర్జూరం ముక్కలు తేలే పాలసేమ్యా వాళ్లింటి నుంచి వచ్చేది. మా నాయనమ్మ ఆ సేమ్యా ముట్టేది కాదు, ఆవిడ పట్టింపులు ఆవిడవి. గిన్నె తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మంలో కాపలా ఉండేది.

“ఏమే, ఆ గిన్నెలో ఎన్ని పెట్టావ్? ఇంకో నాలుగు బూరెలు వెయ్యి, పిల్లలున్న ఇల్లది.”

ఒక రంజాన్‌కి సేమ్యా కొత్త స్టీలు గిన్నెలో వచ్చింది. మా వీధిలోకి వచ్చిన మొదటి స్టీలు గిన్నె అదేననుకుంటాను. మూత మీద మొహం కనిపించేది. పక్కన చుక్కల్లో మస్తాన్‌బీ అని ఉంది. అంత మంచి గిన్నెకి తగ్గట్టు పంపాలని అమ్మ మర్నాటి బూరెలకి శనగపప్పు నానబోసింది. తెల్లవారుజామున నాయనమ్మ పోయింది. నానిన పప్పు అలాగే పెరట్లో పారబోశారు.

మైల తీరినా ఏడాది తిరిగేదాకా మా ఇంట్లో పండగ లేదు, పిండివంట లేదు, ఆ వేసవి ఊరగాయ కూడా లేదు. గిన్నె ఖాళీగా పంపడానికి వీల్లేదు, తీపి చేసి పంపడానికి అసలే వీల్లేదు.

“కరివేపాకు వేసి ఇచ్చి రానా?” అన్నాను నేను.

“కొత్త గిన్నెలో కరివేపాకా? నవ్విపోతారే. సంవత్సరీకం అవనీ, బూరెలే పంపుదాం,” అంది అమ్మ.

సంవత్సరీకం రానే లేదు, మస్తాన్‌బీ అత్త వాళ్లు కొట్టు బెజవాడకి మార్చేసుకున్నారు. వెళ్లే రోజు ఆవిడ మా వంటింట్లోకి వచ్చి అమ్మని పట్టుకుని ఏడ్చింది. అమ్మ గిన్నె తెచ్చి ఇవ్వబోయి, అది ఖాళీగా ఉందని గుర్తొచ్చి తనే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడాది కాగానే బెజవాడ తెచ్చిస్తానంది. “తొందరేముంది వదినా, నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే,” అంది అత్త. గూడు బండిలో గాజుల పెట్టెల మధ్య కూర్చుని వెళ్లిపోయింది, కాలవ మలుపు దాకా బండి వెనక పరిగెత్తాను నేను.

ఆ తర్వాత అమ్మ బెజవాడ వెళ్లలేదని కాదు. వెళ్లినప్పుడల్లా ఆస్పత్రి పనో, పెళ్లి హడావుడో, ఇంకేదో. బూరెలు వండుకుని, గిన్నె పట్టుకుని, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లే తీరిక ఆవిడకి బతుకంతా దొరకలేదు. ఆ గిన్నెలో ఒక్కపూట చారు కూడా కాచలేదు. పండగలకి దింపి, అన్నిటితో పాటు బూడిదతో తోమి, ఎండలో బోర్లించి, మళ్లీ పైనే పెట్టేసేది. ఇల్లు సర్దిన వేసవిలో ఆ సామాన్ల గదిలో అన్నీ నల్లబడి ఉంటే అదొక్కటే మెరుస్తూ కనిపించింది. పారేయడానికి చెయ్యి రాలేదు, నాతో తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఇత్తడంతా కొట్టుకి వేసేశాను. జాడీలు కింద ఫ్లాటువాళ్లు మొక్కలు పెట్టుకుంటామని తీసుకెళ్లారు. చీరలు పంచేశాను. చివరికి ఆ గిన్నె మిగిలింది. ఇది నాది కాదు, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. అలాగే వదిలేసిపోతే, రేపు శిరీష దీన్ని చేతిలో పట్టుకుని, ఈ మస్తాన్‌బీ ఎవరో తెలియక, పారెయ్యాలో వద్దో తేలక, అచ్చం నాలాగే దుమ్ములో కూర్చుంటుంది. నాకు పడనిది అదే. అందుకని ఒక పొద్దున ఓపిక చేసుకుని పూర్ణం ఉడికించి, బూరెలు వేసి, వేడి వేడిగా ఆ గిన్నెలో పెట్టుకుని ఆటో ఎక్కి వన్‌టౌన్ వెళ్లాను.

గాజుల కొట్ల వరసలో అడిగాను. ఎండ, జనం, హారన్లు, కాళ్ల నొప్పులు. చివరికి నా వయసువాడే ఒక కొట్టాయన లోపలికి పిలిచి, స్టూలు వేసి, మంచినీళ్లిచ్చాడు.

“ఆ పల్లెటూరి నుంచి వచ్చినోళ్లా? మా నాన్న చెప్తుండేవాడమ్మా. ఎప్పుడో కొట్టు ఎత్తేశారు. పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో తెలీదు. ఆవిడ అప్పుడే పోయారండీ.”

నేను గిన్నె ఒళ్లోకి తీసుకున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది. ఏడుపు రాలేదు, ఒక్కసారిగా బోలెడు అలసట వచ్చింది, అమ్మది కూడా నాకే వచ్చినట్టు. తిరిగి మోసుకెళ్లే శక్తి లేక, మీ ఇంట్లో పిల్లలకివ్వండని గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆయన కుర్రాడిలా సంబరపడి బూరెలన్నీ ఒక పెద్ద కాగితంలోకి తీసుకుని, గిన్నె శుభ్రంగా తుడిచి, నా చేతికి ఇవ్వబోతూ ఆగాడు. ఇంట్లో ఆడపిల్లలున్నారా అని అడిగాడు. కూతురుందన్నాను. వెనక్కి తిరిగి, ఎర్రవీ పచ్చవీ మట్టిగాజులు తీసి, గిన్నెలో పేర్చి మూత పెట్టాడు.

“ఇవెందుకండీ?” అన్నాను.

“ఖాళీ గిన్నె ఎట్టా పంపిస్తామమ్మా?”

ఒక్క గిన్నె వదిలించుకుందామని వెళ్లినదాన్ని, ఆ గిన్నెతో, దాన్నిండా గాజులతో ఇంటికొచ్చాను. ఆటోలో నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి.

ఆదివారం శిరీష వచ్చి ఖాళీ అలమరాల మధ్య వంటింటి నేల మీద కూర్చుంటే, ఈ కథంతా చెప్పాను. ఫోను పక్కన పెట్టి వింది. గాజులు దానికి బిగుతయ్యాయి. చేతికి సబ్బు రాసి, వేళ్లు మడిచి, ఏవో కబుర్లు చెబుతూ ఎక్కించాను. ఒక్కటీ చిట్లలేదు. లేచేటప్పుడు గిన్నె చేతిలోకి తీసుకుంది.

“వద్దే, నీకు ఇదొక బరువు.”

“అన్నీ సర్దేశావుగా. ఇదొక్కటి ఉంచమ్మా. నీ తర్వాత నేను కూర్చుని ఏడవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.”

ఇన్నాళ్ల నా చాకిరీలో ఈ ముక్క నాకు తట్టలేదు. ఖాళీగా ఇవ్వడానికి మనసొప్పక, నాలుగు బెల్లం ముక్కలు అందులో వేసి పంపాను.

అటక ఖాళీ అయింది. తలుపు తీస్తే సున్నం వాసన తప్ప ఏమీ లేదు. కాలవ గట్టు మీద మా ఇల్లుండే చోట ఇప్పుడు సిమెంటు బస్తాల గోడౌను ఉంది. మా అపార్ట్‌మెంట్లో ఎవరైనా ప్రసాదం ఇచ్చినా ప్లాస్టిక్ డబ్బాలోనే ఇస్తారు, తిని డబ్బా పారేస్తాం, ఎవరూ ఎవరికీ ఏదీ తిరిగివ్వక్కర్లేదు. గిన్నె పట్టుకుని వీధి దాటే పిల్ల ఎక్కడా కనిపించదు. ఇల్లు తుడుచుకోవడం సులువైంది, అంతే.

మొన్న ఆదివారం శిరీష వట్టి చేతులతో వచ్చింది. ఇన్నాళ్లలో అది నా గిన్నె తేకుండా రావడం అదే మొదటిసారి. గిన్నె ఏదే అని అడిగాను.

“ఉందమ్మా. దానికి తగ్గట్టు మంచిదేదైనా చేసినప్పుడు తెస్తా. కాస్త తీరిక దొరకనీ.”

“తొందరేముందే,” అన్నాను, “నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే.”