లెక్కల మేడం దుప్పటి, నా గుమ్మడికాయ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి మేస్టారికీ తను లేకపోతే బడి నడవదని ఒక నమ్మకం ఉంటుంది. నాకైతే అది కొంచెం ముదిరింది. బొబ్బిలికీ సాలూరుకీ మధ్య ఒక హైస్కూల్లో సైన్సు మేస్టారిగా చేరిన ఆ కొత్తలో, ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిలబడి, బోర్డు మీద నిర్వచనాలు గుండ్రటి అక్షరాలతో రాసి, "రాసుకోండి" అనేవాణ్ణి. పిల్లలు ఆవలిస్తూ రాసుకునేవాళ్ళు. (అది శ్రద్ధ అనుకునేవాణ్ణి.) లెక్కల మేడం వచ్చేదాకా అంతా బాగానే ఉంది.

ఆవిడ లెక్కలేవో ఆవిడ చెప్పుకోవచ్చు కదా! అబ్బే, తొమ్మిదో తరగతికి ఖాళీ పీరియడు దొరికితే చాలు, కాలప్రయాణం, సాపేక్షత అంటూ నా పొలంలో నాగలి దింపేది. గోడకి ఇవతల నేను ఆమ్లాలూ క్షారాలూ చెబుతుంటే అవతల నుంచి నవ్వులు. "వేగంగా వెళ్ళేవాడికి కాలం నెమ్మదిగా నడుస్తుందర్రా" అని ఆవిడ అంటే, ఒక పిల్ల లేచి, "అయితే మేడం, లారీ మీద తిరిగే మా నాన్న మాయమ్మ కన్నా కుర్రోడైపోతాడేటి?" అని అడిగింది. "అవుతాడే, మన చేతి గడియారానికి అందనంత కొంచెం" అంది ఆవిడ. మళ్ళీ నవ్వులు. నేను క్షారాలని ఇంకాస్త గట్టిగా చదివాను.

ఇంకోరోజు నలుగురు పిల్లల చేత దుప్పటి నాలుగు కొసలూ లాగి పట్టించి, మధ్యలో ఇనపగుండు పెట్టి, దాని చుట్టూ గోళీలు తిప్పించింది. గుండు సూర్యుడట, గోళీలు గ్రహాలట. నేను కుండలో నీళ్ళు తాగే వంకతో కిటికీ పక్కన చేరాను. (ఆ పూట నేను తాగిన నీళ్ళకి ఒంటె కూడా సిగ్గుపడాలి.) ఆ లారీ పిల్లే మళ్ళీ లేచి, "మేడం, గోళీ కిందకి జారతన్నాదంటే కింద భూమి లాగతన్నాది. మరి ఆకాశంలో దుప్పటి కింద ఏటి లాగతాది?" అంది. దొరికిందిరా అనుకున్నాను. ఆవిడ మాత్రం పకపకా నవ్వి, "పట్టేశావే! ఈ దుప్పటి రామభద్రపురం దాకా వెళ్ళే ఆటో. సాలూరు వెళ్ళాలంటే అక్కడ దిగి ఇంకోటి ఎక్కాలి. ఆ ఇంకోటి నాకూ సరిగ్గా తెలీదు, కలిసి వెతుకుదాం" అంది. తెలీదని చెప్పినందుకు ఇంత ముచ్చటపడిపోతారా పిల్లలు! నాకు తెలీనివి ఎన్ని లేవు? నన్నెప్పుడైనా ఇలా చూశారా?

అంతలో హెడ్మాస్టరు గారు బాంబు పేల్చారు. "సైన్సు క్లబ్బు పెడతన్నాం మేస్టారూ. శనివారం మీరూ, మేడం గారూ సెరో పాఠం సెప్పండి. పిల్లలు ఎవర్ని కోరితే క్లబ్బు వాళ్ళది" అన్నారు. సైన్సు మేస్టారుండగా సైన్సు క్లబ్బు లెక్కల మేడం చేతికి పోతే నేను ఊళ్ళో తల ఎలా ఎత్తుకోను? ఆవిడది దుప్పటి అయితే నాది లారీ సరుకు మీద కప్పే పట్టా కావాలనుకున్నాను. సాలూరులో లారీ నడుపుకునే మా అక్క మొగుడికి ఫోన్ చేశాను.

"పాఠం సెప్పడానికి పట్టా ఎందుకురా బామ్మర్దీ? వానొస్తాదా?"

"ఆకాశం చూపించాలి బావా."

"ఆకాశం పైన ఉన్నాది కదరా!"

మొత్తానికి ఒప్పుకున్నాడు. మొన్ననే కొన్న కొత్త పట్టా ఉందట, తనే తెస్తానన్నాడు. ఇక సూర్యుడు. ఇనపగుండు ఆవిడ వాడేసింది కాబట్టి సంతలో అన్నిటికన్నా పెద్ద బూడిద గుమ్మడికాయ కొని, ఒళ్ళంతా పసుపు పూసి, మంటల కోసం కుంకుమ అద్దాను. అచ్చం అరసవల్లి స్వామి తేజస్సే అనుకుని మురిసిపోయాను.

శనివారం బావ లారీ బడి మైదానంలో ఆగింది. పట్టా దింపించి, పక్కన సూర్యుణ్ణి పెట్టి, హెడ్మాస్టరు గారిని పిలవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా సూర్యుడి నెత్తిన కర్పూరం వెలుగుతోంది. బావ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టా చుట్టూ తిప్పుతూ, "పక్కకి తప్పుకోండర్రా!" అంటున్నాడు. నేను అరిచేలోపు ఢామ్మని నేలకేసి కొట్టాడు.

"బావా! ఏటి సేసినావు!" (కంగారులో నా పుస్తకాల భాష ఎగిరిపోయింది.)

"ఏటి సేసినానంటావేటి? కొత్త పట్టా పక్కన పసుపు కుంకం ఎట్టి కాయ రెడీ సేసినావు. దిష్టి తియ్యకుండా ఇప్పితే నా లారీ ఏటైపోవాల?"

"అది సూర్యుడు బావా!"

"ఓలమ్మో!" అని బావ గబగబా చెంపలేసుకున్నాడు.

బడి బడంతా పడీపడీ నవ్వింది. నేను మాత్రం మేడం మొహమే చూస్తున్నాను, ఆవిడ నవ్వితే జీవితాంతం పగ పట్టొచ్చని. ఆవిడ నవ్వలేదు. ముందుకొచ్చి, "మేస్టారు సూర్యుణ్ణి మాయం చేసేశారు. ఇప్పుడు చెప్పండి, ఈ సంగతి భూమికి ఎప్పుడు తెలుస్తుంది?" అంది. "ఎంటనే!" అన్నారు పిల్లలు. "కాదు. సూర్యుడి వెలుగు మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాల పైన పడుతుంది. అంతకన్నా తొందరగా ఏ కబురూ రావడానికి వీల్లేదు. అందాకా భూమి, సూర్యుడు ఉన్నాడనుకునే తిరుగుతుంది" అని, టైర్ల కింద పెట్టడానికి బావ తెచ్చిన నిమ్మకాయ ఒకటి భూమి అని చెప్పి ఆ లారీ పిల్ల చేతికిచ్చి, పగిలిన గుమ్మడి ముక్కల చుట్టూ తిరగమంది. ఆవిడ వాచీ చూస్తోంది. అందరూ భూమినే చూస్తున్నారు. నేనూ చూశాను. అంత మంచి పాఠం, నా గుమ్మడికాయతో, నేను చెప్పలేకపోయాను. ఆదుకున్నవాళ్ళ మీద పడి ఏడవాల్సిన కష్టం పగవాడిక్కూడా వద్దు.

హెడ్మాస్టరు గారు చేతులెత్తమన్నారు. మేడం వైపు చేతులే చేతులు. నా వైపు ఒక్కటంటే ఒక్క చెయ్యి లేచింది. అది మా బావది.

తర్వాత ఆవిడకి శ్రీకాకుళం వైపు బదిలీ అయింది. క్లబ్బు నాకే వచ్చింది. ఇప్పుడు ఏటా నేనే గుమ్మడికాయ పగలగొట్టి, భూమిని తిప్పించి, తెలీనిది తెలీదనే చెబుతున్నాను. పిల్లలు బాగానే నవ్వుతారు. అయినా పాఠం మధ్యలో ఒక్కసారైనా ఆగి, గోడ అవతల నవ్వులు నా తరగతి కన్నా పెద్దగా వినిపిస్తున్నాయేమోనని చెవి పెడతాను. అక్కడ ఎవరూ లేరనీ, ఆవిడ వెళ్ళి చాలా ఏళ్ళయిందనీ నాకు తెలుసు. నా చెవికే కబురింకా అందినట్టు లేదు.