పసుపు రంగు మార్కర్లు

వెంకటరమణప్పది దిగులు మనసు. షెడ్డుకు తాళం వేసి బజారు దాకా పోయినవాడు మళ్లీ వెనక్కి వచ్చి, తాళాన్ని లాగి చూసుకుంటే గానీ అన్నం తినేవాడు కాదు. "తాళం నిన్ను సూసి భయపడతాది" అని భార్య కాంతమ్మ నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. నిజంగానే ఏదో ఒకటి మరిచిపోయి ఉంటానని ఆయన నమ్మకం.

తొంభైలలో మదనపల్లెలో ఒక సైకిళ్ల అంగట్లో రంగులు వేస్తూ పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత బెంగళూరులో కొన్నేళ్లుండి పౌడర్ కోటింగ్ నేర్చుకున్నాడు. కుంచె లేదు, తిన్నర్ వాసన లేదు. పొడి రంగును కరెంటు సాయంతో లోహానికి అంటించి, ఓవెన్‌లో కాలిస్తే అది కరిగి చర్మంలా పట్టుకుంటుంది. ఆ విద్యతో పుంగనూరుకు తిరిగొచ్చి, ఊరి చివర రేకుల షెడ్డు వేసుకున్నాడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, బీరువా తలుపులు వచ్చేవి. బతుకు సాఫీగానే పోతూ ఉంది.

రెండువేల ఏడులో ఒక రోజు కుప్పం నుంచి శివకుమార్ అనే కుర్రాడు జీపులో వచ్చాడు. అడవి అంచున బెంగళూరు వాళ్లు పెట్టిన ఆటల మైదానానికి అతను మేనేజరు. జీపులోంచి గోతాం దించి విప్పాడు. లోపల నల్లటి తుపాకులు.

వెంకటరమణప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏందప్పా ఇవి? యాల తెచ్చినావు ఈడికి?"

"భయపడొద్దన్నా. ఇవి గన్నులు కాదు, మార్కర్లు. పెయింట్‌బాల్ అని ఆట. దీంట్లోంచి రంగు గోళీ వస్తాది. తగిలితే పగిలి బట్టలకు రంగు అంటుతాది, అంతే."

"మరి నాతో పనేముండాది?"

"నల్లగా ఉండాయి కదా, అదే తంటా. మొన్న రామకుప్పం పక్క రైతులు ఏనుగులకని కాపలా ఉండి, మావాళ్లను సూసి వేటగాళ్లనుకొని కట్టెలతో వచ్చేసినారు. అందుకే పచ్చి పసుపు కొట్టల్ల. దూరం నుంచి సూస్తే ఆట సామాను అని తెలియల్ల."

మాట సబబుగానే ఉంది. అయినా ఆ రోజంతా వెంకటరమణప్ప ఆ మార్కర్లను తాకలేదు. చుట్టూ తిరుగుతూ చూశాడు. ఒంటి భాగం అల్యూమినియం. వెనక మరలో గ్యాసు బుడ్డి బిగిస్తారు. ఆ గ్యాసు ఒత్తిడికే గోళీ బయటికి దూసుకొస్తుంది. లోపల రబ్బరు వలయాలు, స్ప్రింగులు. ఓవెన్ వేడికి రబ్బరు మిగలదు కాబట్టి శివకుమార్ చేతనే అన్నీ విప్పించాడు. గోళీ పోయే గొట్టంలో పొడి పడితే గోళీ లోపలే చిట్లుతుంది. మరలో పడితే బుడ్డి సరిగా బిగియదు. అందుకని గొట్టానికి వేడి తట్టుకునే బిరడాలు పెట్టి, మరలకు టేపు చుట్టి, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి మరీ పొడి కొట్టాడు.

ఓవెన్‌లోంచి బయటికి తీసినప్పుడు మార్కర్లు పండిన మామిడికాయల్లా మెరిశాయి. శుక్రవారం శివకుమార్ వచ్చి, భాగాలన్నీ బిగించుకొని, సంతోషంగా తీసుకుపోయాడు. ఆదివారం బెంగళూరు నుంచి ఆఫీసు వాళ్లు ఆడడానికి వస్తున్నారని చెప్పి వెళ్లాడు.

శనివారం సాయంత్రం ఒక తెల్ల గేటును ఓవెన్‌లో కాల్చాడు వెంకటరమణప్ప. తలుపు తీసేసరికి గేటు తెల్లగా లేదు. పాలు విరిగి మాడినట్టు పసుపు తిరిగి ఉంది. తెల్ల రంగు అలా మారిందంటే వేడి ఎక్కువైనట్టు. మీటరు చూస్తే ముల్లు రోజూ నిలిచే చోటే నిలిచి ఉంది. పరుగున పోయి బేకరీ వాళ్ల దగ్గర ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు అడిగి తెచ్చాడు. లోపల పెట్టి చూస్తే దాని ముల్లు చివరిదాకా పోయి ఆగింది. వేడిని కొలిచే తీగ ఓవెన్ గోడలోంచి సగం బయటికి జారి ఉంది; దానికి తగిలే వేడి తక్కువ కాబట్టి, మీటరు మోసపోయి ఓవెన్‌ను ఇంకా కాలుస్తూ పోయింది. ఎప్పుడు జారిందో ఏమో; మార్కర్లు కాల్చిన నాడే జారి ఉంటే, పసుపు రంగులో ఆ మాడు కనబడి ఉండదు.

గేటుకైతే మళ్లీ రంగు వేయవచ్చు. అల్యూమినియం అలా కాదు. హద్దు మీరిన వేడి తగిలితే అది మెత్తబడుతుంది. బెంగళూరులో పనిచేసేటప్పుడు అలా మాడిన స్కూటరు భాగమొకటి చేత్తోనే వంగిపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఇప్పుడు ఆ మెత్తబడిన మరల్లోనే గ్యాసు బుడ్డి బిగిస్తారు. పట్టుకునేవాడి చెంప పక్కనే ఉంటుంది అది.

కాయిన్ ఫోన్ నుంచి శివకుమార్ సెల్లుకు మళ్లీ మళ్లీ చేశాడు. అడవి అంచున సిగ్నల్ లేదు. ఇంటికి వచ్చి గడపలోనే కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది కాంతమ్మ.

చెప్పాడు. "ఏమీ కాకపోవచ్చు గూడా. నాది ఉత్త దిగులేమో."

కాంతమ్మ ఈసారి నవ్వలేదు. "ఉత్తదైతే నవ్వుతారు, అంతే కదా. తెల్లారగానే పో."

పొద్దున మొదటి బస్సుకు పలమనేరు పోయి, అక్కడ కుప్పం బస్సు ఎక్కాడు. ఆ బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. టమాటా గంపలు ఎక్కించడానికి ఒకచోట, డ్రైవరు టీ తాగడానికి ఇంకోచోట. వెంకటరమణప్ప సీట్లో కూర్చోలేక లేచి కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. "కూర్చోప్పా, నిలబడితే బస్సు బిర్రున పోతాదా?" అంది పక్కనున్న ముసలామె. ఆయన కడ్డీ వదలకుండా రోడ్డు వైపే చూశాడు.

కుప్పంలో దిగి ఆటో పట్టుకొని మైదానానికి చేరేసరికి ఆడేవాళ్లు ఒంటి నిండా మందపాటి బట్టలు, ముఖాలకు మాస్కులు వేసుకొని వరుసగా నిలబడి ఉన్నారు. శివకుమార్ పసుపు మార్కర్లను ఒక్కొక్కరి చేతికి అందిస్తున్నాడు.

"ఆపు శివకుమారూ! బుడ్లు తీసేయమను!" అని వగరుస్తూ అరిచాడు వెంకటరమణప్ప.

సంగతి విని శివకుమార్ ముఖం ఎర్రబడింది. పక్కకు లాక్కుపోయాడు. "ఇప్పుడా సెప్పేది? నిన్న రెండు కాల్చి సూసినా, బాగానే ఉండాయి. బెంగళూరు నుంచి ఇంతమంది వస్తే పంపించేయమంటావా?"

"రెండే కదా సూసింది? బండకు కట్టి ఒక్కొక్కటీ కాల్చి సూద్దాం. నేనే కాలుస్తా. ఆ తర్వాత నీ ఇష్టం."

చివరికి శివకుమార్ ఒప్పుకున్నాడు. బట్టలారేసే తాడుతో మార్కర్‌ను బండకు కట్టారు. ట్రిగ్గరుకు పురికొస ముడేసి, అందరినీ దూరంగా పంపి, వెంకటరమణప్ప రాతిగోడ వెనక కూర్చొని లాగాడు. టప్‌మని గోళీ పోయి ఎదుటి చెట్టు మీద పగిలింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆడేవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. "సాలా అన్నా?" అన్నాడు శివకుమార్.

సిగ్గుతో వెంకటరమణప్ప చెవులు వేడెక్కాయి. లేచి పోదామనిపించింది. అయినా చేతులు వాటంతట అవే ఇంకొకదాన్ని కట్టాయి. పురికొస లాగాడు. గోళీ పోయింది. ఇంకోసారి లాగాడు. ఈసారి బుస్సుమని తెల్లటి పొగ, వెంటనే పెద్ద చప్పుడు. బుడ్డి మరలోంచి ఊడి వెనక్కి లేచిపోయి, వంటషెడ్డు రేకును చీల్చుకొని లోపల ఎక్కడో పడింది.

రేకు ఇంకా కంపిస్తూనే ఉంది. వరుసలో ముందు నిలబడిన ఒక అమ్మాయి మాస్కు తీసి, చేతిలోని మార్కర్‌ను పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా నేల మీద పెట్టింది. మిగతావాళ్లూ పెట్టేశారు. శివకుమార్ ఉన్నచోటనే కూలబడ్డాడు.

అది వేడి వల్ల జరిగిందో, మర ముందే అరిగిపోయి ఉందో ఎవరూ తేల్చలేకపోయారు. ఆ రోజు ఆట ఆగిపోయింది. ఆ మార్కర్లన్నీ పక్కన పడేశారు. మైదానం యజమానులు మళ్లీ పుంగనూరు వైపు చూడలేదు. శివకుమార్ మాత్రం సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చి, ఆటో కదిలేదాకా ఆయన చేయి వదలలేదు.

దిగులు అక్కడితో తీరిందా అంటే, లేదు. తిరుగు బస్సులో ఇంకో ఆలోచన పట్టుకుంది. తీగ ఎప్పుడు జారిందో తెలియదు కదా, అదే ఓవెన్‌లో ఇంకేమేం కాలాయి? ఇనుము సంగతి సరే, దానికేమీ కాదు. అల్యూమినియం? అప్పుడు గుర్తొచ్చింది, మదనపల్లె గోపాలస్వామి నిచ్చెన. పెళ్లిళ్లకు షామియానాలు వేసే మనిషి. పొడుగాటి అల్యూమినియం నిచ్చెనకు నీలం రంగు వేయించుకొని పోయాడు.

వెంకటరమణప్ప పుంగనూరులో దిగి ఇంటికి పోలేదు. నేరుగా మదనపల్లె బస్సెక్కాడు. గోపాలస్వామి అంగట్లో లేడు, కల్యాణ మండపంలో ఉన్నాడని చెప్పారు. అక్కడికి పోయి చూస్తే, నీలం నిచ్చెన గోడకు ఆనించి ఉంది. చిట్టచివరి మెట్టు మీద ఒకాయన నిలబడి సీరియల్ లైట్లు కడుతున్నాడు.

కేక వేస్తే ఆయన ఉలిక్కిపడి జారుతాడేమోనని భయమేసింది. వెంకటరమణప్ప మెల్లగా పోయి నిచ్చెన కాళ్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు, మామూలు గొంతుతో, "దిగప్పా, నిదానంగా దిగు" అన్నాడు.

"యాల? ఇంకా కట్టల్ల గదా."

"దిగు, సెప్తా."

ఆయన దిగేదాకా ఒక్కో మెట్టునూ చూస్తూ నిలబడ్డాడు. గోపాలస్వామి వచ్చి విషయం విని, నిచ్చెనను రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టించి, నడిమధ్య బియ్యం మూట దించాడు. నిచ్చెన కొంచెం కుంగింది. మూట తీసేశాక కూడా అది మళ్లీ తిన్నగా కాలేదు.