జోగమ్మ చేతికి తెలిసిన బరువు

శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి జోగమ్మ గోనెసంచి చంకన పెట్టుకుని బయలుదేరేది. ఆ బస్తీలో తెలుగు చర్చికి వెళ్లే ఇళ్లు పద్దెనిమిది. ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక డాల్డా డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. అది దేవుడి పిడికెడు. ఈ హిందీ రాష్ట్రానికి ఉక్కు కర్మాగారం పనికని విజయనగరం పల్లెలనుంచి వచ్చినవాళ్లు ట్రంకుపెట్టెలతోపాటు ఈ అలవాటునూ రైలెక్కించి తెచ్చుకున్నారు. ఆ డబ్బాలన్నీ సంచిలో గుమ్మరించి ఆదివారానికి చర్చికి చేర్చడం జోగమ్మ పని. కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర ఖలాసీగా చేసిన మొగుడు పోయినప్పటినుంచి, పదకొండేళ్లుగా ఆమెదే ఆ పని.

ఇన్నేళ్లలో ఆమె చేతికి ఒక విద్య పట్టుబడింది. మూత తీయనక్కర్లేదు, డబ్బా ఎత్తితే చాలు, ఆ ఇంట్లో ఆ వారం పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో చెప్పగలదు. రెండు పూటలా వండే ఇంటి డబ్బా మణికట్టును కిందికి లాగుతుంది. ఒక పూట ఇంటిది లాగదు. వండితేనే పిడికెడు, వండకపోతే లేదు. ఇంత నికరమైన సమాచారం ఏ సర్వేవాడికీ దొరకదు.

తొంభై ఆరు వానాకాలం చివర్లో కనకలత ఇంటి డబ్బా తేలికైంది. కనకలత మొగుడు అప్పలసూరి వెల్డరు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో అతను పనిచేసే చిన్న షెడ్డు మూతపడి రెండు నెలలైంది. ఇద్దరు ఆడపిల్లలు.

"ఏటే పిల్లా, ఇదేటి ఇంత తేలిగ్గున్నాది?"

"ఈ వారం మరిసిపోనానత్తా," అంది కనకలత.

మంచం మీదనుంచి అప్పలసూరి నవ్వాడు. "అది మరిసిపోడవేటత్తా, పొయ్యే మమ్మల్ని మరిసిపోనాది."

స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు రజనీకుమారి, రుఆబాంధా కాలనీలో ఉండే ప్లాంటు ఆఫీసరుగారి భార్య. మంచి మనిషి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమెకు కూడా. ఆ ఆదివారం ఆమె లేచి అంది: "కొన్ని ఇళ్లలో పిడికిలి బిగుసుకుంటోంది. విశ్వాసం చల్లారితే ముందు తెలిసేది డబ్బాలోనే. ఆ కుటుంబాల కోసం ప్రార్థన చేద్దాం."

అందరూ కళ్లు మూసుకున్నారు. జోగమ్మ మూసుకోలేదు.

"అమ్మగారూ, సల్లారింది ఇస్వాసం కాదండి. పొయ్యి."

వెనకనుంచి ఎవరో, "ప్రార్థన మద్దెలో మాటలేటి జోగమ్మా!" అన్నారు. జోగమ్మ ఆగలేదు. తేలిక డబ్బాకు అర్థమేమిటో, తన చేతికి అదెలా తెలుస్తుందో విడమరిచి చెప్పింది. రజనీకుమారి కళ్లు నిజంగానే చెమర్చాయి. అప్పటిదాకా ఆ బియ్యాన్ని ఆరాధన అయ్యాక వేలం పాడి, వచ్చిన సొమ్ము ప్రహరీగోడకు పెట్టేవారు. గోడ బాగానే లేచింది. ఇకమీదట బియ్యం తేలిక డబ్బాల ఇళ్లకే అని తీర్మానమైంది. జోగమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

తర్వాతి ఆదివారం రజనీకుమారి మైకులో నాలుగు పేర్లు చదివింది. మొదటి పేరు కనకలతది. పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఆమె చర్చి పొడవునా నడిచి వెళ్లింది. జనం చప్పట్లు కొట్టారు. సంచి ఆమె చేతుల్లో పెట్టి పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆకలి మీద అంత పొడుగాటి ప్రార్థన కడుపు నిండినవాళ్లే చేయగలరు. బయట కుళాయి దగ్గర ఒక పిల్ల కనకలత పెద్దకూతుర్ని, "తుమ్హారా డబ్బా ఖాలీ హై క్యా?" అని అడిగి పకపకా నవ్వింది.

వచ్చే శనివారానికి ఆ నాలుగిళ్ల డబ్బాలూ నిండిపోయాయి.

కనకలత డబ్బా ఎత్తగానే జోగమ్మ మణికట్టు కిందికి వాలింది. పొయ్యి వైపు చూసింది. బూడిద చల్లగా, నున్నగా అలికినట్టుంది.

"ఇదెక్కడిదే?"

"దేవుడి బాగం."

"మరి మీ బాగమేదే? పొయ్యి సూస్తే నాకు తెల్దేటి?"

"మెల్లగా మాటాడత్తా. పక్కోళ్లింటారు. మల్లీ నా పేరు మైకులో సదివిస్తావేటి? ఎవులికైనా సెప్పేవంటే నా పిల్లల మీదొట్టే."

జోగమ్మ డబ్బా సంచిలో వంచింది. మైకు పెట్టించమని ఆమె అడగలేదు. అయినా తాను నోరు తెరవకపోతే ఈ డబ్బా తేలిగ్గానే ఉండేది కదా!

నవంబరులో కోనసీమను తుఫాను ఊడ్చేసింది. రజనీకుమారి సంతోషం, దుఃఖం రెండూ కలిపి చెప్పింది: "మన దగ్గర ఇప్పుడు తేలిక డబ్బా ఒక్కటీ లేదు. దేవుడికి స్తోత్రం. కాబట్టి ఈ బియ్యం తుఫాను బాధితులకు పంపుదాం." జోగమ్మ, "అమ్మగారూ, ఆ డబ్బాలు..." అంటూ లేచింది. రెండు వరసల ముందునుంచి కనకలత వెనక్కి తిరిగి చూసింది. జోగమ్మ కూర్చుంది. అక్కడ మునిగినవాళ్లకు బియ్యం అక్కర్లేదని ఎవరనగలరు? బస్తాలు రైలెక్కాయి.

ఆ సాయంత్రం జోగమ్మ తన ఇంటి బియ్యంలోంచి నాలుగు సోలలు కొంగులో పోసుకుని కనకలత గుమ్మం తొక్కింది. పురుగు పట్టకుండా ఆమె బియ్యంలో ఎండు వేపాకు కలిపి పెడుతుంది. ఆకులు ఏరే ఓపిక కూడా లేకపోయింది.

"ఇవి డబ్బావి కావు, నావి. పిల్లలకి వండెట్టు. దేవుడితో నాను మాటాడుకుంటాను."

కనకలత తలూపింది. చిన్నపిల్ల వచ్చి జోగమ్మ కొంగు చివర అంటుకున్న రెండు గింజలు తీసి నోట్లో వేసుకుంది.

మళ్లీ శనివారం. డబ్బా ఎప్పటిలాగే బరువు. జోగమ్మ వంచింది. జారుతున్న బియ్యంతోపాటు మూడు ఎండు వేపాకులు సంచిలో పడ్డాయి.

జోగమ్మ చెయ్యి ఆగిపోయింది. కనకలత గోడ వైపు చూస్తోంది.

"మిగతావీ పోసెయ్యత్తా. ఇంకా సానా ఇళ్లు తిరగాల కదా నువ్వు."

జోగమ్మ మిగతాది కూడా గుమ్మరించి, ఖాళీ డబ్బా పొయ్యి పక్కన పెట్టి, సంచి మూతి ముడేసింది. ఆ వారం సంచి ఎన్నడూ లేనంత బరువుంది. ఆదివారం చర్చిలో అందరూ సంతోషిస్తారు.