మూరెడు దుర్భిణి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బస్సులు బొగ్గు మీద నడిచేవి. సిద్దిపేటలో బస్సు ఆపి, దాని వెనక ఉన్న బొగ్గుపొయ్యిని రాజేస్తుంటే మేమంతా దిగి నిలబడ్డాం. సాయంత్రం నాలుగు దాటింది. తూర్పున సగం చంద్రుడు అప్పటికే పైకి వచ్చి ఉన్నాడు. ఊరూరా నడిచి చదువు చెప్పే ఒక టీచరమ్మ సంచిలోంచి మూరెడు ఇత్తడి దుర్భిణి తీసి, బస్సు కిటికీ చువ్వకు ఆనించి చూడసాగింది.

నేను పట్నం దుకాణంలో చూసిన పెద్ద దుర్భిణి గురించి గొప్పలు మొదలుపెట్టాను. దాన్ని కొనబోతున్నాననీ, మోయడానికి ఇద్దరు మనుషులు కావాలనీ చెప్పాను.

"అయితే కూలోళ్లు దొరికిన నాడే మొగులు దిక్కు చూస్తవా తమ్మీ? నేను రోజూ చూస్త. గిది నా ఎంబడి నడుస్తది."

అంటూనే, గడ్డిమోపు దించుకుని నిలబడ్డ ఒక కూలి అవ్వకు దాన్ని అందించింది. అవ్వ కన్ను ఆనించింది.

ఇంతలో మాతోపాటు బస్సు దిగిన ఒక దొర గుమాస్తా చెయ్యి చాపాడు. అతను వస్తే కూలివాళ్లు పక్కకు తప్పుకునే రోజులవి.

"ముందుగాల నాకియ్యి."

"ఎనుక నిలవడున్రి. అవ్వ చూసినంక మీరు," అంది టీచరమ్మ, గొంతు పెంచకుండా.

అతను నిలబడ్డాడు. అవ్వ తొందరపడలేదు.

నేను చివరికి కొన్నది మూరెడుదే. ఈనాటికీ నా సంచిలోనే ఉంటుంది. ఎక్కడ తీసినా, ఎంతటివాళ్లు వచ్చినా, మొదట వచ్చినవాళ్లే మొదట చూస్తారు.